అలమరలో మన ఊరుంది... అడిగి తెచ్చుకోండి!

పరీక్షల పుస్తకాలకు ఉన్న గిరాకీ నవలకు లేదు. నవలల్లోనూ నాలుగు పేర్లకు ఉన్న గిరాకీ మిగతావాటికి లేదు. ఆ మిగతావాటిలోనే కరీంనగర్ ఉంది, ఆదిలాబాద్ ఉంది. మన గోదావరి ఒడ్డు, మన గూడెం, మన బీడీల చాట... అన్నీ ఉన్నాయి. వాటికి తోడు చూడదగ్గ సినిమాలూ ఉన్నాయి. ఈ సెలవుల్లో ఇంటిల్లిపాదీ కలిసి చదవడానికి, చూడటానికి కొన్ని జంటలు...

కరీంనగర్ కావచ్చు, ఆదిలాబాద్ కావచ్చు, జగిత్యాల, మంచిర్యాల కావచ్చు. ఏ కేంద్ర గ్రంథాలయానికైనా పొద్దున్నే వెళ్లి చూడండి. తలుపులు తీసేసరికే గుమ్మం ముందు పిల్లలు నిలబడి ఉంటారు. చేతిలో మందపాటి గైడు, మంచినీళ్ల సీసా, సద్ది గిన్నె. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్... ఎవరి లెక్క వారిది. సాయంత్రం దాకా కుర్చీ వదలరు. మంచిదే. ఎన్ని ఇళ్ల ఆశలో ఆ కుర్చీల్లో కూర్చుని ఉంటాయి!

అదే భవనంలో ఇంకో పక్కన నవలల అలమరలుంటాయి. అటువైపు అడుగుల చప్పుడు తక్కువ. వెళ్లేవాళ్లు కూడా అడిగేవి తెలిసిన పేర్లే. యద్దనపూడి, యండమూరి, మల్లాది... అడగొద్దని ఎవరంటారు? యద్దనపూడి ‘మీనా’ చదివి, 1973లో విజయనిర్మల తీసిన సినిమా చూసి, రెండింటిలో ఏది బాగుందని వంటింట్లో వాదించుకున్న తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. నవల చదవడం, దాని సినిమా చూడటం, ఆ తర్వాత పోట్లాడుకోవడం... ఇంతకన్నా మంచి కాలక్షేపం ఏముంటుంది?

ఆ సరదానే ఇప్పుడు కాస్త ఇంటి దగ్గరికి తెచ్చుకుందాం. 2016 అక్టోబరులో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఎనిమిదయ్యాయి. కొన్ని మండలాలు పక్క జిల్లాల్లో కలిశాయి. అయినా మనకు ఉమ్మడి జిల్లా అనే అలవాటు పోలేదు గనక ఆ లెక్కనే పోదాం. ఒక్క మాట. మన గ్రంథాలయాలు పుస్తకం ఇస్తాయి గానీ సినిమా ఇవ్వవు. సినిమా సంగతి ఇంట్లో టీవీయో, ఫోనో చూసుకుంటుంది. పుస్తకం మాత్రం అక్కడినుంచే తెచ్చుకోవాలి. ఎందుకంటే ఇక్కడ చెప్పే చాలా నవలలు బస్టాండు పక్క దుకాణంలో దొరికేవి కావు. ఒకసారి అచ్చయి, అయిపోయి, మళ్లీ ఎప్పుడు అచ్చవుతాయో తెలియనివీ వాటిలో ఉన్నాయి.

ఆర్‌ఆర్‌ఆర్ కంటే ముందు భీం

మన పిల్లలకు కొమురం భీం ఎవరంటే, 2022లో వచ్చిన ‘ఆర్‌ఆర్‌ఆర్’లో పులితో తలపడ్డ ఎన్టీఆర్ గుర్తొస్తాడు. తప్పేం లేదు. రాజమౌళి అది కల్పన అని ముందే చెప్పాడు. అసలు భీం, అల్లూరి కలిసినట్టు ఎక్కడా లేదు. అల్లూరి 1924లోనే చనిపోయాడు. భీం జోడేఘాట్ గుట్టల్లో నేలకొరిగింది 1940లో. మధ్యలో పదహారేళ్లు! ఆ పదహారేళ్లలో ఆదిలాబాద్ అడవిలో ఏం జరిగింది? గోండులు తాతల నాటినుంచి దున్నుకుంటున్న పోడు ఎలా పోయింది? పశువు మేస్తే పన్ను, కట్టె కొడితే పన్ను అని జంగ్లాత్ వాళ్లు ఎందుకు వేధించారు? పట్నం నుంచి, మైదానం నుంచి వచ్చినవాళ్ల పేర్ల మీదికి భూములు ఎలా మారాయి? సినిమా చూసిన పిల్లాడికి ఈ ప్రశ్నలు రావు. నవల చదివితే వస్తాయి.

ఆ నవల ‘కొమురం భీం’. సాహు, అల్లం రాజయ్య కలిసి రాశారు. 1983లో వచ్చింది. ఆ ఏడాది ఎందుకు గుర్తుపెట్టుకోవాలంటే, దానికి రెండేళ్ల ముందే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో గిరిజనుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. నలభై ఏళ్ల కిందటి భూమి తగువు అప్పటికీ తీరలేదన్నమాట. రచయితలు కాగితాలు ముందేసుకుని కూర్చుని రాసిన నవల కాదిది. గూడేల్లో తిరిగి, ముసలివాళ్లు చెప్పింది విని రాశారు. అందుకే అందులో భీం పుట్టుకతో వీరుడేమీ కాదు. సంకేపల్లి పిల్లాడు. తండ్రిని పోగొట్టుకున్నవాడు. పంట గుంజుకోవడానికి వచ్చినవాడిని కోపంలో కొట్టి, భయపడి పారిపోయినవాడు. చాందాలో ఒక అచ్చు ఆఫీసులో పనికి కుదిరి అక్షరాలు నేర్చుకున్నవాడు. అస్సాం తేయాకు తోటల దాకా పోయి కూలి చేసి వచ్చినవాడు. తిరిగొచ్చాకగానీ పన్నెండు ఊళ్ల పోరు మొదలవదు. పదిహేనేళ్లు దాటిన పిల్లలెవరైనా ఆపకుండా చదువుతారు. గోండు పేర్లు, దేవతలు, పండుగలు మొదటి యాభై పేజీలు కొంచెం తడబెడతాయి. ఓపిక పట్టండి.

దీనికి తోడు అల్లాణి శ్రీధర్ తీసిన ‘కొమరం భీమ్’ సినిమా చూడండి. భూపాల్‌రెడ్డి భీంగా నటించాడు. 1990లోనే తీసి, నంది అవార్డు కూడా తెచ్చుకున్న ఈ సినిమా థియేటర్ మొహం చూసింది 2010లో! ఇరవై ఏళ్లు డబ్బాలో ఉంది. ఆర్‌ఆర్‌ఆర్ హంగులు ఇందులో వెతకొద్దు. ఖర్చు లేని సినిమా అని మొదటి పది నిమిషాల్లోనే తెలుస్తుంది. ఆ అడవి, ఆ మనుషులు మాత్రం కట్టిన సెట్టులా అనిపించరు. రెండు సినిమాలూ వరుసగా చూపించి, మధ్యలో నవల చదివించి, ఏ భీం నచ్చాడని పిల్లల్ని అడగండి. వాళ్ల జవాబు మీ లెక్కకు అందకపోవచ్చు.

ఓపికుంటే ఇంకో పని. ఆసిఫాబాద్ నుంచి కెరమెరి మీదుగా జోడేఘాట్ వెళ్లండి. భీం స్మారకం, మ్యూజియం ఉన్నాయి. భీం చనిపోయాక నిజాం సర్కారు గోండుల గోస ఏమిటో తెలుసుకురమ్మని హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన, భార్య బెట్టీ మకాం పెట్టిన మార్లవాయి కూడా ఆ చుట్టుపక్కలే. వాళ్లిద్దరి సమాధులూ ఇప్పుడు ఆ ఊళ్లోనే ఉన్నాయి. నవల చదివినవాళ్లకు ఆ దారిలో ప్రతి గుట్టా ఎక్కడో విన్నట్టే ఉంటుంది.

అలమరలో వెతికేటప్పుడు ఒక చిక్కు. కొమురం, కొమరం, కొమ్రం, కుమురం... ఒక్కో పుస్తకం మీద ఒక్కో తీరుగా ఉంటుంది. జిల్లా పేరుదే ఒక తీరు. ఒక అక్షరంతో లేదంటే ఇంకో అక్షరంతో అడగండి.

మంథని మట్టి... రెండు పుస్తకాలు

అల్లం రాజయ్య సొంతూరు మంథని దగ్గర గాజులపల్లి. అదే మంథని నుంచి 1957 మొదలుకొని ఇరవై ఏళ్లు శాసనసభకు వెళ్లిన మనిషి పీవీ నరసింహారావు. ఒకరు పల్లెల్లో కూలీల కథ రాశారు. ఇంకొకరు ముఖ్యమంత్రి అయ్యి భూసంస్కరణలకు పూనుకుని, ఏడాదిన్నర తిరక్కముందే ఆ కుర్చీ పోగొట్టుకుని, తర్వాత ప్రధానమంత్రి కూడా అయ్యి, చివరికి తన కథను నవలగా రాశారు. ఒకే మట్టి గురించి ఈ ఇద్దరూ ఏం చెప్పారో పక్కపక్కన పెట్టుకుని చదివినవాళ్లు ఎందరున్నారో గానీ, మా దృష్టిలో ఉమ్మడి కరీంనగర్ పాఠకుడికి దొరికే అసలైన విందు ఇదే.

రాజయ్య ‘కొలిమంటుకున్నది’ 1970ల చివరి రోజుల నవల. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో రైతుకూలీ సంఘాలు లేచిన కాలం. వెట్టి చెయ్యమని, కూలి పెంచమని, దొర ఆక్రమించిన బంజరు విడవమని మొదటిసారి గొంతు లేచిన కాలం. 1978 అక్టోబరులో ప్రభుత్వం ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించేదాకా వెళ్లింది వ్యవహారం. మీ ఇంట్లో అరవై దాటిన పెద్దవాళ్లుంటే వాళ్లకు తెలియని సంగతి కాదిది. మీతో చెప్పి ఉండకపోవచ్చు, అంతే. నవలలోని రాజకీయంతో మీకు ఏకీభావం ఉండాలనేమీ లేదు. ఎవరు ఎవరి ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచారో, గడీ ముందు తల ఎత్తడానికి ఎంత ధైర్యం కావాల్సి వచ్చిందో తెలిస్తే చాలు. రాజయ్య భాష గురించి ఒక మాట. మాట్లాడే మాటనే రాశాడు. పట్నంలో పెరిగిన మనవరాలికి అక్కడక్కడా అర్థం కాదు. పక్కన నానమ్మ ఉంటే సరిపోతుంది. నిజానికి నానమ్మను చదవమనండి, మనవరాలిని వినమనండి.

పీవీ ‘ఇన్‌సైడర్’ 1998లో ఇంగ్లిషులో వచ్చింది. దాన్ని కల్లూరి భాస్కరం ‘లోపలి మనిషి’గా తెలుగులోకి తెచ్చారు. పెద్ద పుస్తకం. ఒక్క గడువులో పూర్తికాదు, రెన్యువల్ చేయించుకోవాల్సిందే. కథానాయకుడు ఆనంద్. సంస్థానం పేరు, రాష్ట్రం పేరు కల్పించినవే అయినా ఏది ఏదో మనకు ఇట్టే తెలిసిపోతుంది. ఆదర్శంతో రాజకీయాల్లోకి వచ్చిన కుర్రాడు, భూమి పంచే చట్టం తేవడానికి పడ్డ పాట్లు, సొంత పార్టీలోనే ఎదురైన మొండి గోడలు... మధ్యలో చర్చలు, సిద్ధాంతాలు వచ్చినప్పుడు కాస్త బరువుగా నడుస్తుంది. ఆ పేజీలు త్వరగా తిప్పేసినా పీవీ ఏమీ అనుకోరు! చట్టం రాసేచోట ఏం జరిగిందో ఇందులో ఉంది. ఆ చట్టం ఊరిదాకా వచ్చిందా లేదా అన్నది రాజయ్య నవలలో ఉంది.

వీటితో చూడటానికి మన జిల్లాల సినిమా కాకపోయినా ‘మా భూమి’ తప్పదు. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ తీశాడు. బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మాతలు. గద్దర్ తెరమీద కనిపించి పాడింది ఇందులోనే. అది 1940ల నల్గొండ కథ. కానీ గడీ గడీయే కదా! పెద్దవాళ్లకు మాత్రం నర్సింగరావే 1988లో తీసిన ‘దాసి’ని సిఫారసు చేస్తాం. అయిదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. అర్చనకు ఉత్తమ నటి పురస్కారం దక్కింది. మాటలు తక్కువ. గడీలో దాసీగా బతికిన ఆడపిల్ల మౌనమే సినిమా అంతా. పిల్లలు నిద్రపోయాక చూడండి.

పీవీ పేరు వచ్చింది గనక ఇంకో పుస్తకం చెప్పకపోతే అన్యాయం. హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను ఆయన ‘అబల జీవితం’ పేరుతో తెలుగు చేశారు. పంతొమ్మిదో శతాబ్దపు పుణె ఆడపిల్ల కథ. పెద్ద నాయకుడి అనువాదం కదా, మర్యాదకు చదువుదాం అని మొదలుపెట్టినవాళ్లు ఆ మర్యాద సంగతి మర్చిపోతారు.

చాట ముందు కూర్చున్న అమ్మ

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల... ఏ వాడకు వెళ్లినా అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించే ఆడవాళ్లు కనిపించేవారు. ఇప్పుడు తగ్గినా పూర్తిగా పోలేదు. ఎన్ని ఫీజులు, ఎన్ని పెళ్లిళ్లు ఆ చాటలోంచి వెళ్లాయో! ఆ బతుకు మీద నవల ఉందని ఎంతమందికి తెలుసు? జగిత్యాలకు చెందిన బి.ఎస్.రాములు ‘బతుకు పోరు’ రాశారు. కార్ఖానాకు బీడీలు అప్పజెప్పేటప్పుడు బాగాలేవని తీసి పడేసే కట్టలు, తూకం తక్కువ ఆకు, చేతికి రాని కూలి... బీడీలు చేసిన ఇల్లయితే వివరించాల్సిన పని లేదు. అమ్మకు ఈ పుస్తకం తెచ్చివ్వండి. కళ్లద్దాలు లేకపోతే చదివి వినిపించండి. దీనికి జతగా చెప్పడానికి సినిమా ఏదీ లేదు. మన సినిమావాళ్లకు బీడీ తాగే హీరో దొరికాడు గానీ, చేసే అమ్మ ఇంకా దొరకలేదు.

ఒక ఎలుగు, ఒక పిట్ట

ఇంట్లో ఒక్క పుస్తకమే తెచ్చుకుంటాం, ఏది తేవాలి అని అడిగితే మా ఓటు ‘జిగిరి’కే. రాసింది పెద్దింటి అశోక్‌కుమార్. సిరిసిల్ల ప్రాంతం, గంభీరావుపేట మండలం వాడు. ఆటా నవలల పోటీలో బహుమతి పొంది, తర్వాత ఇతర భాషల్లోకీ వెళ్లిన నవల.

గుడ్డెలుగును తాడు పట్టుకుని ఊరూరా తిప్పేవాళ్లు మీకు గుర్తుండే ఉంటారు. పిల్లల భయం పోవాలని దాని మీద కూర్చోబెట్టేవాళ్లం. దాని వెంట్రుకలతో తాయెత్తు కట్టించేవాళ్లం. ఆ ఆట ఆడించే ఇమాం కథ ఇది. షాదుల్ అతని ఎలుగు. పిల్లగా ఉన్నప్పటినుంచి పెంచాడు. ఇమాం భార్య బీబమ్మకు అది ఇంట్లో ఇంకో కొడుకు లాంటిది. మరి అసలు కొడుకు చాంద్ సంగతి? వాడికి ఈ తిరుగుడు బతుకు వద్దు. ఎలుగును వదిలించుకుంటే సర్కారు భూమి ఇస్తుందని ఆశ పుట్టింది. అడవి జంతువును కట్టేసుకుని ఆడించడం చట్టం ఒప్పుకోదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం మంచిదే. చాంద్ కోరిక న్యాయమైనదే. ఇమాం ప్రేమా నిజమే. ముగ్గురూ సరైనవాళ్లే అయినప్పుడు తప్పు ఎవరిది? మధ్యలో నోరు లేని షాదుల్‌కు ఏమవుతుంది? అది మాత్రం చెప్పం. చిన్న పుస్తకం, ఒక ఆదివారం చాలు. ‘జిగ్రీ దోస్త్’ అంటాం కదా... ఆ మాటే పేరు. జిగర్ అంటే ఉర్దూలో కాలేయం. గుండె అనే అర్థంలోనూ వాడతారు.

ఎలుగుకూ మనిషికీ మధ్య కథ అనుకుని మొదలుపెడతాం. రెండో అధ్యాయం దాటేసరికి తండ్రికీ కొడుక్కీ మధ్య కథ అని తెలుస్తుంది. పొలం అమ్మి పట్నం వెళదామనే కొడుకు, కదలనంటే కదలననే తండ్రి లేని ఊరేదీ? అందుకే దీనికి జతగా ‘బలగం’ చూడమంటున్నాం. 2023లో వచ్చిన ఈ సినిమా దర్శకుడు వేణు యెల్దండి కూడా సిరిసిల్ల మనిషే. తీసింది కూడా ఆ చుట్టుపక్కల పల్లెలోనే. తాత కొమురయ్య పోయాడు. పెట్టిన కూడు పిట్ట ముట్టలేదు. ఎందుకు ముట్టలేదని వెతికితే ఎప్పుడో విందులో నల్లి బొక్క దగ్గర బావాబామ్మర్దుల మధ్య మొదలైన పంతం బయటపడుతుంది. నవ్వొస్తుంది. మీ ఇంట్లో అలాంటి పంతం ఒకటి ఉందని గుర్తొచ్చాక నవ్వు ఆగుతుంది. ఊళ్లలో తెరలు కట్టి చూశారు ఈ సినిమాను. అందులోని ఊరి పాటకు కాసర్ల శ్యామ్ 71వ జాతీయ సినిమా పురస్కారాల్లో ఉత్తమ గీత రచయిత అయ్యాడు. చాలామంది ఇప్పటికే చూసి ఉంటారు. ‘జిగిరి’ చదివాక ఇంకోసారి చూడండి. ఈసారి తాత మీద కాకుండా కొడుకుల మీద దృష్టి పెట్టండి.

అశోక్‌కుమార్ మాటల రుచి తెరమీద చూడాలనుకుంటే ‘మల్లేశం’ ఉంది. 2019లో వచ్చింది. మాటలు ఆయనవే. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం, తల్లి చెయ్యి నొప్పి చూడలేక ఆసు పోసే యంత్రం తయారుచేసిన నిజం కథ. మల్లేశానికి 2017లో పద్మశ్రీ వచ్చింది. సిరిసిల్లలో నడిచేది మరమగ్గం, అక్కడిది ఆసు పోసే చేనేత. పని వేరు. అప్పు మాత్రం ఒకటే.

బొగ్గు కుటుంబాలకు ఒక చిన్న జత. నాని నటించిన ‘దసరా’ (2023) సింగరేణి పక్క పల్లె కథ. దర్శకుడు శ్రీకాంత్ ఓదెల గోదావరిఖని నుంచి వచ్చినవాడు. కొట్లాటలు ఎక్కువైనా, బొగ్గు దుమ్ము మాత్రం నిజమైనదే. ఆ దుమ్ము కింద మనుషులు ఎలా బతికారో తెలియాలంటే తుమ్మేటి రఘోత్తమరెడ్డి కథలు తీసుకోండి. నవల కాదు, కథలే. ‘పనిపిల్ల’తో మొదలుపెట్టండి.

ప్రిన్సిపాల్ గారి నవల, హనుమాజీపేట మాటలు

ఇన్ని కష్టాల కథలేనా, కాస్త ప్రేమకథ లేదా అంటారా? ఉంది. అదీ మన ఊరితో ముడిపడిందే.

కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు 1959లో ప్రిన్సిపాల్‌గా వచ్చింది ఎవరో తెలుసా? సాక్షాత్తూ విశ్వనాథ సత్యనారాయణ! ‘వేయిపడగలు’ రాసిన ఆయనే. ఆ నవలను ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తీసుకెళ్లింది మన పీవీ. ‘వేయిపడగలు’ తలకెత్తుకోవడం అందరివల్లా కాదు. ‘ఏకవీర’ అలా కాదు, సన్నటి పుస్తకం. మధుర నాయకరాజుల కాలం. ఇద్దరు ప్రాణస్నేహితులు. ఒకరు ప్రేమించిన అమ్మాయితో ఇంకొకరికి పెళ్లవుతుంది. ఇద్దరికీ తెలియదు. తెలిసేనాటికి... ఇప్పటి టీవీ సీరియల్ అయితే అయిదు వందల ఎపిసోడ్లు లాగుతారు. విశ్వనాథ చాలా తక్కువ పేజీల్లో ముగించేశారు. భాష గ్రాంథికపు వాసన వేస్తుంది గానీ నాలుగు పేజీలు దాటితే అలవాటవుతుంది.

1969లో సి.ఎస్.రావు దీన్ని సినిమా తీశారు. ఎన్టీఆర్, కాంతారావు స్నేహితులు. కె.ఆర్.విజయ ఏకవీర. జమున మీనాక్షి. కె.వి.మహదేవన్ సంగీతం. ఘంటసాల, అప్పటికి కొత్త గొంతు అయిన బాలసుబ్రహ్మణ్యం కలిసి పాడిన పాట ఇందులోదే. ఇక మాటలు రాసింది... హనుమాజీపేటలో పుట్టి, సిరిసిల్లలో, కరీంనగర్‌లో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న సి.నారాయణరెడ్డి! కృష్ణా జిల్లా మహాకవి నవలకు కరీంనగర్ కవి మాటలు. ఇద్దరికీ జ్ఞానపీఠం దక్కింది, విశ్వనాథకు 1970 సంవత్సరానికి, సినారెకు 1988కి. సినిమా చూస్తున్నప్పుడు ఏ మాట నవలలోది, ఏ మాట సినారెది అని పట్టుకోవడం మంచి ఆట. మా అభిప్రాయం అడిగితే, నవల ముందు చదవాలి. సినిమా ముందు చూస్తే ఎన్టీఆర్ మొహమే అడ్డొస్తుంది.

కేరళ ఎక్కడ, సిరిసిల్ల ఎక్కడ? ఆ రెండింటికీ ఒక పుస్తకం వంతెన వేసింది. ఎల్లారెడ్డిపేట మండలం నారాయణపూర్‌కు చెందిన నలిమెల భాస్కర్, పునత్తిల్ కుంజబ్దుల్లా మలయాళ నవలను ‘స్మారక శిలలు’గా అనువదించారు. 2013లో కేంద్ర సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. సముద్రం ఎరగని జిల్లావాడు సముద్రపు ఒడ్డు ముస్లిం కుటుంబాల కథను తెలుగులో వినిపించాడు. కొత్త రుచి కోరేవాళ్లకు.

పుస్తకానికీ తెరకీ ఇంతగా ముడిపెడుతున్నారేమిటని అనుకోవచ్చు. కరీంనగర్‌లో ఆ ముడి ఎప్పుడో పడింది. ఇక్కడ ఫిలిం సొసైటీని నడిపించినవాళ్లలో ముఖ్యుడు వారాల ఆనంద్. కవి, సినీ విమర్శకుడు. ఆయన ఉద్యోగం ఏమిటనుకున్నారు? కాలేజీలో లైబ్రేరియన్! ఇంట్లో టీవీ కూడా అరుదైన రోజుల్లో సత్యజిత్ రే సినిమాలను, ప్రపంచ సినిమాలను ఇలాంటి ఊళ్లకు తెచ్చి చూపించింది ఫిలిం సొసైటీలే. సినిమా గురించి చదవాలనుకునేవాళ్లు ఆయన ‘నవ్య చిత్ర వైతాళికులు’ అడగండి.

తెచ్చుకోవడం ఎలా?

సభ్యత్వం పెద్ద తతంగం కాదు. ఫారం నింపి, చిరునామా రుజువు చూపి, కొంత డిపాజిట్ కడితే కార్డు ఇస్తారు. సభ్యత్వం వద్దనుకున్నప్పుడు డిపాజిట్ తిరిగి ఇచ్చేస్తారు. నిజానికి మీరు ఇప్పటికే కడుతున్నారు కూడా. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. రసీదు తీసి చూడండి, కనిపిస్తుంది. ఏడాదిపాటు సెస్సు కట్టి ఒక్క పుస్తకమూ తెచ్చుకోకపోవడమంటే సద్ది కట్టించుకుని తినకుండా మోసుకు తిరగడమే.

మీ మండల శాఖలో పుస్తకం లేదన్నారా? జిల్లా కేంద్రంలో ఉందేమో కనుక్కోమని అడగండి. అక్కడా లేకపోతే ఫలానా పుస్తకం కావాలని కాగితం మీద రాసి ఇవ్వండి, పేరు, రచయిత పేరు స్పష్టంగా. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కొత్త పుస్తకాలు కొనేటప్పుడు లెక్కలోకి వచ్చేది పాఠకులు అడిగిందే. గైడ్లు ఎందుకు వస్తున్నాయి? పిల్లలు అడుగుతున్నారు గనక. ఏళ్ల తరబడి ఎవరూ తీసుకెళ్లని నవల మెల్లగా వెనక వరుసలోకి, అక్కడినుంచి కట్టల్లోకి పోతుంది. కట్టలోకి పోయిన పుస్తకానికి చెదలే పాఠకులు. పుస్తకం వెనక అంటించిన చీటీ మీద మీ తేదీ ముద్ర పడితే దానికి ఇంకొన్నాళ్లు ఆయుష్షు.

అలమరల దగ్గరికి ఎలాగూ వెళ్లారు గనక ఇంకో రెండు. నిజామాబాద్ పల్లెల నేపథ్యంలో 1955లో వచ్చిన ‘ప్రజల మనిషి’. రాసిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మినవాడు. తెలంగాణ నవలల్లో తొలి వరుసలో నిలిచే పుస్తకం. రెండోది నవల కాదు. ఆదిలాబాద్ పెద్దాయన సామల సదాశివ ‘మలయమారుతాలు’. హిందుస్తానీ సంగీతం గురించి. భయపడకండి, రాగాల పాఠం కాదు. ఉస్తాదుల ముచ్చట్లు, వాళ్ల కోపాలు, వాళ్ల పేదరికం, ఒక పాట కోసం రైలెక్కి వెళ్లిన పిచ్చి... ఎదురుగా కూర్చుని చెప్పినట్టే రాశారు. ఆయనకే ‘స్వరలయలు’ పుస్తకానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. మరుసటి ఏడాదే కన్నుమూశారు. దీనికి జతగా సినిమా వెతకనక్కర్లేదు. అధ్యాయంలో ఏ ఉస్తాద్ పేరు వస్తే ఆ పాట ఫోన్లో పెట్టుకుని చదవండి.